చప్పుడు లేని ఏడుపు

ఆ రోజు మైకు నా చేతిలో ఉంది. వేదిక మీద అరవై ఎనిమిదేళ్ల మనిషి ఒకామె ఏడుస్తోంది. నేను ఆమె ఏడుపు మీద ఒక జోకు వేశాను. హాలంతా నవ్వింది. ఆ నవ్వు నాకు బాగా నచ్చింది కూడా. తర్వాత రిజిస్టరులో ఆమె పేరుకు ఎదురుగా ‘ప్రదర్శించలేదు’ అని రాసి, మరో పేరు పిలిచాను.

ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో నేను చేసిన తప్పులు చాలా ఉన్నాయి. ఫైళ్లు పోగొట్టాను, తేదీలు తప్పు వేశాను, ఒకరి బదిలీ కాగితం ఇంకొకరి చేతిలో పెట్టాను. వాటికి మెమోలు వచ్చాయి, సంజాయిషీలు రాసుకున్నాను, అయిపోయింది. దీనికి మాత్రం ఎవరూ మెమో ఇవ్వలేదు. నియమాల ప్రకారం చూస్తే ఇది తప్పే కాదు. అందుకే మీకు చెబుతున్నాను. మీలో కొందరు ఈ మధ్యనే ఉద్యోగాల్లో చేరారు. రేపో మాపో మీ చేతికీ ఒక మైకు, ఒక రిజిస్టరు వస్తాయి.

మాది గరిడేపల్లి దగ్గర గొర్రెలు కాసుకునే ఇల్లు. ఆ ఇంట్లో మొదట నౌకరీకి వెళ్లినవాణ్ణి నేనే. మందను అదిలించడానికి తప్ప నోరు లేవని మనిషిని, ఆఫీసులో చేరాక ఎవరో ఒక సభలో మైకు ఇచ్చి నాలుగు మాటలు చెప్పమన్నారు. చెప్పాను, నవ్వారు. ఆ తర్వాత జిల్లాలో ఏ శాఖ సభ జరిగినా నన్నే పిలిచేవారు. ‘మైకు సారు’ అని పేరు పడిపోయింది. ఆ పేరంటే నాకు ప్రాణం. మైకు పట్టుకున్న మనిషికి ఎదుటి మనిషి కంటే వెనకున్న జనం ఎక్కువ కనిపిస్తారని అప్పట్లో నాకు తెలియదు.

సూర్యాపేటలో మాది చిన్న ఆఫీసు. ముసలి కళాకారులు గుర్తింపు కార్డు కోసం పెట్టుకునే దరఖాస్తులు మా దగ్గరికి వచ్చేవి. ఏడాదికి ఒకసారి అందరినీ ఒక చోటికి పిలిచేవాళ్లం. ముగ్గురు పెద్దల కమిటీ ముందు కూర్చునేది. ఒక్కొక్కరు వేదిక ఎక్కి, తమ కళ ఏదో అయిదు నిమిషాలు చేసి చూపించాలి. ఒగ్గుకథ వాళ్లు ఒగ్గుడోలుతో, భజన వాళ్లు తాళాలతో, నాటకాల వాళ్లు హార్మోనియంతో వచ్చేవారు. పేరు పిలవడం, ఒకరు దిగి ఇంకొకరు ఎక్కేలోపు కాస్త నవ్వించడం, ‘ప్రదర్శించారు’ అని రాయడం నా పని. అది నేను బాగా చేస్తాననే అందరూ అనుకునేవారు. నేనూ అనుకునేవాణ్ణి.

ఆ ఏడాది హాలు దొరక్క ఒక ఫంక్షన్ హాలు తీసుకున్నాం. సాయంత్రం అందులో పెళ్లి ఉంది. మేం లోపల పని చేస్తుంటే పూల వాళ్లు స్తంభాలకు బంతి దండలు చుట్టుకుంటూ తిరుగుతున్నారు. మా సూపరింటెండెంటు పావుగంటకోసారి నా చెవిలో అనేవాడు.

“జర జల్ది కానియ్యవయ్యా. రెండు గంటలకు పెండ్లోళ్లు వస్తరు. మనల్ని కూడ దండలేసి కూసోవెడ్తరు.”

దామరచర్ల నుంచి వచ్చిన డప్పు బృందం అప్పుడే వేదిక దిగింది. చెవులు ఇంకా హోరుమంటున్నాయి. తర్వాతి దరఖాస్తు తీశాను. ఊరు మిర్యాలగూడ. కళారూపం అన్నచోట ‘సినిమా, చిన్న వేషాలు’ అని ఉంది. అనుభవం ముప్పై ఒక్క ఏళ్లు. ఆధారాలు అన్నచోట ఏమీ లేదు.

ఆమె వేదిక ఎక్కింది. సన్నటి మనిషి. నేత చీర, చేతిలో ఒక గుడ్డ సంచి.

“ఏమమ్మా, సామానేది?” అన్నాను మైకులో.

“సామానేం ఉండదు సార్.”

“మరి ఏం జేస్తవు?”

“ఎనక ఉంట సార్.”

హాల్లో కొందరు అప్పుడే నవ్వారు. నాకు ఊపొచ్చింది.

“ఎవరెనక?”

“సినిమాల పెద్దోళ్లు ముందర ఉంటరు గద. మేం ఎనక ఉంటం. పెండ్లైతే పెండ్లిల, సావైతే సావుల.”

“మంచిగుంది. మరి ఒకటి జేసి సూపియ్యి.”

ఆమె ఇబ్బందిగా నిలబడింది. “ఒక్కదాన్ని జేసేది కాదు సార్ అది. ముందర ఎవరన్న ఉండాలె.”

ఈ మాటను ఆ రోజు నేను వినలేదు. చెవిన పడింది, అంతే. ముప్పై ఒక్క ఏళ్లు చేసిన పని గురించి ఒక మనిషి చెప్పదగిన మాటల్లో అంతకంటే నిజమైనది ఉండదు. నేను గడియారం చూసుకున్నాను.

“ఇప్పుడు ముందరోళ్లను ఎక్కడికెళ్లి తేవాలె? సావు అన్నవ్ గద, ఏడ్సి సూపియ్యి.”

ఆమె ఒక్క క్షణం నా వైపు చూసింది. తర్వాత మైకు దగ్గర్నుంచి రెండడుగులు వెనక్కి వెళ్లి, వేదిక మూలకు జరిగి, పక్కకు తిరిగి కూర్చుంది. సగం ముఖమే కనిపిస్తోంది. ఎడమ చేతి వెనక భాగాన్ని కంటికి ఆనించుకుంది. భుజాలు కొద్దిగా కదిలాయి. అంతే. చప్పుడు లేదు.

అర నిమిషం గడిచింది. డప్పు తర్వాత ఆ నిశ్శబ్దం ఇంకా పెద్దదిగా ఉంది. వెనక నుంచి ఎవరో “ఇనవడ్తలేదు” అని అరిచారు. ఇంకొకరు “కరెంటు వొయ్యిందా?” అన్నారు. అందరూ నా వైపు చూశారు. అలా చూస్తే నేను ఆగలేను.

“అమ్మా, ఆ ఏడుపు జర దాసిపెట్టు. సాయంత్రం గీడనే పెండ్లున్నది, అప్పగింతలకు పనికొస్తది” అన్నాను.

డోలు వాళ్లు, భజన వాళ్లు, పూల వాళ్లు, కమిటీ పెద్దలు అందరూ నవ్వారు. ఆమె లేచి, చీర సర్దుకుని, సంచి తీసుకుని దిగిపోయింది. దిగుతూ వేదికకు దండం పెట్టుకుంది. నేను రిజిస్టరులో రాసేశాను.

మధ్యాహ్నం పులిహోర పొట్లాలు విప్పుకుంటుంటే మా కంప్యూటర్ ఆపరేటరు నా పక్కకొచ్చి కూర్చుంది. కోదాడ అమ్మాయి. వేదిక పక్కనే బల్ల వేసుకుని పేర్లు ఎక్కించింది ఆ రోజు.

“సార్, ఆవిడ నిజంగానే ఏడ్చిందండి. నా వైపు తిరిగి ఉంది. నీళ్లు గడ్డం దాకా కారాయి.”

“ఎవరికి ఇనవడలే గద.”

“వినపడితేనే ఏడుపా అండి?”

“నువ్వు పులిహోర తిను” అన్నాను.

ఆ అమ్మాయి పొట్లం మడిచి సంచిలో పెట్టుకుంది.

మూడు వారాలకు తిరస్కరణ ఉత్తరాలు వెళ్లాయి. వాటి మాటలు నావే: ‘ధ్రువీకరణ సమయంలో దరఖాస్తుదారు తమ కళను ప్రదర్శించలేదు.’ ఆ ఉత్తరం పట్టుకుని ఆమె మిర్యాలగూడ బస్సెక్కి ఆఫీసుకు వచ్చింది. గొడవ పడటానికి వచ్చిందనుకుని ముందే ముఖం బిగించుకున్నాను. ఆమె నెమ్మదిగా నా బల్ల ముందు నిలబడింది.

“సార్, సినిమాల ఎనకున్నోళ్లు ఏడిస్తే సప్పుడు రావొద్దు. ముందర హీరోయిన్ మాటాడుతుంటది. మా సప్పుడు మీద పడితే కట్ అంటరు. మల్ల తియ్యాలె. తెల్లారి నుంచి మనల్ని పిలువరు. మొఖం కూడ సగమే సూపియ్యాలె. జనం మన దిక్కు సూస్తే తప్పు మనది. నేను నేర్సుకున్నది గదే సార్. అదే జేసిన.”

“టైటిల్స్‌లో పేరున్న సినిమా ఒకటి చెప్పమ్మా.”

“మా పేర్లు ఎయ్యరు సార్.”

“సినిమాల పేర్లన్నా తెలుసా?”

“తీసెటప్పుడు పేరుండది. ఉన్నా మాకెవరు జెప్తరు? నాకు తిండి యాదికుంటది. ఒక దాంట్ల పెరుగన్నం, మామిడికాయ పెట్టిండ్రు. పందిట్ల పాట. ఊదారంగు చీరిచ్చిండ్రు. ఒక దాంట్ల ముసలమ్మ సచ్చిపోతది, నేను కాళ్లకాడ కూసుంట. నాలుగు దినాలు తీసిండ్రు, ఎండల.”

పక్క బల్ల వాళ్లు వింటున్నారని తెలిసి నేను నవ్వాను. పెరుగన్నాన్ని ఆధారంగా జతపరచే కాలమ్ మా ఫారంలో లేదని కూడా అన్నానేమో. అన్నాననే గుర్తు.

ఆమె ఉత్తరాన్ని నా బల్ల మీద పెట్టింది. “కార్డు ఇయ్యకుంటె మానె సార్. ఆ ఒక్క మాట కొట్టెయ్యండి. ప్రదర్శించలేదు అన్నది. నేను తమ్మునింట్ల ఉంట. వాళ్లు నన్ను నమ్మరు. మద్రాసుల ముప్పై ఏండ్లు ఏం జేసినవ్ అంటరు. సినిమాల ఉన్న అంటే, ఏ సినిమాల, సూపియ్యి అంటరు. సర్కారు రాసిస్తే నమ్ముతరని దరఖాస్తు పెట్టిన. ఇప్పుడు సర్కారే లేదని రాసింది.”

“రిజిస్టరులో కొట్టివేతలు ఉండొద్దమ్మా” అన్నాను.

అది అబద్ధం. కొట్టేసి, కారణం రాసి, పక్కన పొట్టి సంతకం పెడితే సరిపోతుంది. అప్పటికి నేను అలాంటివి కొన్ని వందలు చేసి ఉంటాను. ఆమె విషయంలో ఎందుకు చేయలేదని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. కారణం చిన్నది. అది కొట్టేస్తే నా జోకు కూడా తప్పని ఒప్పుకున్నట్టు అవుతుంది.

ఏడాదిన్నరకు రిటైరయ్యాను. వీడ్కోలు సభలో కూడా మైకు నేనే పట్టుకున్నాను, బాగా నవ్వించాను. శాలువా కప్పారు. కోదాడ అమ్మాయి దండం పెట్టి, “సార్, మీరు చాలా బాగా మాట్లాడతారండి” అంది. పొగడ్తలాగే ఉంది. ఇంటికెళ్లేదాకా ఆ మాట గుచ్చుకుంటూనే ఉంది.

ఇంట్లో పనేం లేదు. ఒక మధ్యాహ్నం భోజనం చేసి టీవీ పెట్టాను. ఏదో పాత నలుపు తెలుపు సినిమా. ఒక ముసలమ్మ చనిపోయింది. హీరోయిన్ మీద పడి ఏడుస్తోంది. చాలా గట్టిగా ఏడుస్తోంది, కెమెరా ఆమె మీదే ఉంది. శవం కాళ్ల దగ్గర ఒక పిల్ల కూర్చుని ఉంది. ఇరవై ఏళ్లుంటాయేమో. సగం ముఖం. ఎడమ చేతి వెనక భాగం కంటికి ఆనించుకుంది. భుజాలు కొద్దిగా కదిలాయి.

ఆ అర నిమిషం నేను ఫంక్షన్ హాల్లో చూశాను. అదే కూర్చోవడం, అదే చేయి. యాభై ఏళ్ల తర్వాత కూడా ఒక్క వేలు తేడా లేకుండా చేసింది. నేను దాన్ని చూస్తూ కూడా చూడలేదు.

కోదాడ అమ్మాయికి ఫోన్ చేసి పాత దరఖాస్తులో చిరునామా అడిగాను. “ఎందుకండి ఇప్పుడు?” అంది. చెప్పాను. తర్వాత చిరునామా చదివింది.

మిర్యాలగూడ స్టేషను అవతల, బియ్యం మిల్లుల వెనక సందులో రెండు గదుల ఇల్లు. తవుడు దుమ్ము గాలిలోనే ఉంది. గుమ్మం మీదా, చెట్ల ఆకుల మీదా అదే పేరుకుని ఉంది. తమ్ముడు మిల్లులో హమాలీ చేసి మానుకున్న మనిషి. దగ్గుతూ అరుగు మీద కూర్చున్నాడు. ఆమె గుమ్మం పక్కన రేకుల చాయలో, తన పడక మంచం దగ్గర, చేటలో నూకలు పోసి ఏరుతోంది. నన్ను చూసి గుర్తుపట్టింది. లేవబోయి, మళ్లీ కూర్చుంది.

నేను ఫలానా ఆఫీసులో పనిచేశానని చెప్పగానే తమ్ముడు అందుకున్నాడు.

“ఆ కాయితం పంపింది మీరేనా సారూ? మంచిగ రాసిండ్రు.” లోపలికి చేయి చూపించాడు. గోడ గడియారం వెనక మడత పెట్టిన ఉత్తరం అంచు కనిపిస్తోంది. “మా ఇంట్ల లొల్లి అయినప్పుడల్లా కోడలు అది తీస్తది. సదువుకున్నది గద, గట్టిగ సదువుతది.”

అక్క నూకల్లోంచి ఒక రాయి తీసి పక్కన వేసింది. తల ఎత్తలేదు.

“అది తప్పు రాసిన. తప్పని జెప్పనీకే వచ్చిన” అన్నాను.

“సర్కారు తప్పు రాస్తదా సారూ?” అన్నాడు. వెటకారమో, నిజంగా అడుగుతున్నాడో నాకు తెలియలేదు.

ఆ సినిమా ముక్కను వెతికి ఫోన్‌లో దాచుకుని తెచ్చాను. అతని చేతిలో పెట్టి నొక్కాను. హీరోయిన్ గట్టిగా ఏడ్చింది. “ఈమె గాదు, కాళ్లకాడ సూడు” అన్నాను. అతను ఫోన్ ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు. ఒకసారి చూశాడు. మళ్లీ పెట్టమన్నాడు. మూడోసారి చూసి, ఫోన్ నాకిచ్చి, గోడ వైపు తిరిగాడు.

“అమ్మ గిట్లనే తుడుసుకునేది” అన్నాడు. “నాటు పెట్టేటప్పుడు. అరచేతికి బురద అంటి ఉంటది గద. ఎనక చేత్తోనే తుడుసుకునేది.”

అక్క అప్పుడు తలెత్తింది. “మరి ఎవర్ని సూసి నేర్సుకుంటరా నేను? మాకు గాడ ఏడ్సుడు నేర్పెటోళ్లు ఎవరున్నరు?”

ఆమె కళ్లకు శుక్లాలు. ఫోన్‌లో బొమ్మ కనిపించలేదు. హీరోయిన్ గొంతు విని మాత్రం గుర్తుపట్టింది. “ఇది ఎండల తీసింది. నాలుగు దినాలు” అంది.

నేను క్షమించమని అడిగాను. కాళ్లు పట్టుకోవాలనుకున్నాను, పట్టుకోలేదు. అంత పెద్దది చేస్తే అది కూడా మళ్లీ నా ప్రదర్శనే అవుతుందని భయం వేసింది. ఆమె క్షమించానని అనలేదు. “తమ్ముడు నమ్మిండు. ఇంట్ల ఇంకా నలుగురున్నరు” అంది. ఇంకో మాట కూడా చెప్పింది. “అందరు లేదు లేదు అంటుంటే, ఈ నడుమ నాకే అనుమానమొస్తుంది సార్, ఉన్ననా అని.”

ఆ మాట పట్టుకుని ఇంటికి వచ్చాను.

నాలుగు నెలలు పాత సినిమాలు చూశాను. ముందు కథ చూడటం మానుకోవాలి. అది కష్టం, కళ్లు అలవాటుగా హీరో వైపే పోతాయి. వేలు అడ్డం పెట్టుకుని ముందున్న వాళ్లను కప్పేసి వెనక వరస చూసేవాణ్ణి. పెళ్లి పందిళ్లు, పంచాయతీలు, సంతలు, శవాలు. మా ఇంటావిడ తలుపు దగ్గర నిలబడి, “ఇన్నేండ్లు ఆఫీసుల ముందరోళ్లనే సూసినవ్ గద, ఇగ ఎనకోళ్లను సూడు” అని పోయింది. ఆమెకు నేను మొత్తం చెప్పలేదు. అయినా అలా అంది.

పంతొమ్మిది చోట్ల కనిపెట్టాను. ఏ సినిమా, ఎన్నో నిమిషం, ఎటువైపు, ఏం చేస్తోంది, ఒక నోటుబుక్కులో రాశాను. మిర్యాలగూడ వెళ్లి, వాళ్ల టీవీకి నా ఫోన్ కలిపి, ఆమెను టీవీకి జానెడు దూరంలో కూర్చోబెట్టి ఒక్కొక్కటి చూపించాను. కోడలు వంటగది గుమ్మంలో నిలబడి చూసింది. పంతొమ్మిదిలో ఆరు తనవి కావంది. వాటిలో ఒకటి నేను అన్నిటికంటే గొప్పగా అనుకున్నది.

“ఇది నేను కాదు సార్. ఇది తెనాలామె. నాకంటే మంచిగ ఏడ్సేది. మా గదిల ఉండేది.” టీవీ మీద వేలితో ఆ ముఖాన్ని తాకింది. “ఈమెది కూడ ఎక్కడనో రాసిపెట్టండి.”

పదమూడు చోట్ల వివరాలతో కొత్త దరఖాస్తు రాశాం. దానికి నేను ఇంకో కాగితం జత చేశాను. ఆ రోజు దరఖాస్తుదారు తన కళను ప్రదర్శించారని, దాన్ని గుర్తించే ఓపిక లేక, అందరినీ నవ్వించాలన్న యావలో నేను తప్పుగా నమోదు చేశానని, కొట్టివేతకు వీలు లేదని ఆమెకు అబద్ధం చెప్పానని రాసి, నా పేరు, పాత హోదా, సంతకం పెట్టాను. మా పాత సూపరింటెండెంటు కూడా రిటైరయ్యాడు; సంగతి తెలిసి ఫోన్ చేశాడు.

“పాగల్ అయినవా? ఎవడడిగిండని రాసినవ్? నీ పెన్షన్ మీదికొస్తే?”

“రానియ్యండి” అన్నాను. రాలేదు. ఆ కాగితాన్ని ఎవరూ పట్టించుకోలేదనుకుంటాను. ఫైల్లో ఉంది. అక్కడ ఉండాలి, అంతే.

కమిటీ దరఖాస్తు మళ్లీ చూడటానికి ఒప్పుకుంది కాని, నియమం నియమమే. కళ చేసి చూపించాలి. ఆ ఏడాది ధ్రువీకరణ కోదాడలో, ఒక బడి హాల్లో పెట్టారు. ఆమె రానంది.

“మల్ల ఆ మైకు కాడికి నేను రాను సార్.”

“మైకు నాకియ్యరమ్మా ఇప్పుడు.”

“ఎవరున్నా గంతే. ఒక్కదాన్నే కూసోవెట్టి ఏడువు అంటరు. ముందర ఎవరుంటరు?”

“నేనుంట” అన్నాను.

ఆమె మొదటిసారి నన్ను పరీక్షగా చూసింది. “మీకేం వస్తది?”

“ఏం రాదు.”

“మాటలున్న వేషం మీకు వద్దు. మీకు నోరు ఆగది. శవమెయ్యండి. దానికేం రానక్కర్లేదు.”

ఇంట్లో చెబితే మా ఆవిడ గొడవ చేసింది. బతికున్న మనిషి అందరి ముందు శవంలా పడుకోవడమేమిటని రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఉతికిన తెల్ల దుప్పటి ఒకటి సంచిలో పెట్టి ఇచ్చింది.

కోదాడ హాల్లో మైకు మా కోదాడ అమ్మాయి చేతిలో ఉంది. తమ్ముడు అక్కను బస్సులో తీసుకొచ్చి వెనక వరసలో దగ్గుకుంటూ కూర్చున్నాడు. కోడలు రాలేదు. పేరు పిలిచారు. ముందు నేను ఎక్కి చాప పరుచుకున్నాను. “అరే, మైకు సారు” అని ఎవరో గుర్తుపట్టారు. పడుకుని దుప్పటి కప్పుకునేసరికి హాలు గొల్లుమంది. “సారుకు ఏమైందిరా?”, “రిటైరైండు గద, గంతే”, “జోకెయ్యమనుండ్రి, లేస్తడు.” ముప్పై నాలుగేళ్లు నేను తెప్పించిన నవ్వు అది. కింద పడుకుని వింటే వేరేగా ఉంటుంది.

కోదాడ అమ్మాయి ఫ్యాన్లు ఆపించింది. “దయచేసి అందరూ ముందుకు జరగండి. ఇది వినేది కాదండి, చూసేది” అంది. కుర్చీలు జరిగిన చప్పుడు. తర్వాత నా కాళ్ల దగ్గర చీర కదిలిన చప్పుడు. ఆమె కూర్చుంది.

నేను కళ్లు మూసుకునే ఉన్నాను. అంటే రెండోసారి కూడా ఆమె ఏడుపును నేను చూడలేదు. నాకు తెలిసింది ఇంతే: ముందు నవ్వు ఉంది. తర్వాత ఒక మూల ఆగింది. ఇంకో మూల ఆగింది. వెనక తమ్ముడి దగ్గు ఒక్కటే మిగిలింది, ఆఖరికి అదీ ఆగింది. అంతమంది ఉన్న హాల్లో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ తెప్పించలేకపోయాను. అప్పుడు దుప్పటి బయటున్న నా పాదం మీద వెచ్చగా ఒక చుక్క పడింది.

కార్డు మూడు నెలలకు వచ్చింది. ఆ ఇంట్లో గడియారం వెనకున్న పాత ఉత్తరం తీసేశారో లేదో నేను అడగలేదు. ఆమె ఇంకా ఆ రేకుల చాయలోనే పడుకుంటుంది. ఇప్పుడు కూడా మధ్యాహ్నాలు నేను పాత సినిమాల వెనక వరసలే చూస్తున్నాను. నోటుబుక్కులో తెనాలామెకు నాలుగు పేజీలు కేటాయించాను, రెండు నిండాయి.

ఆ రోజు కార్యక్రమం అయ్యాక కోదాడ బస్టాండులో మిర్యాలగూడ బస్సు కోసం ముగ్గురం నిలబడ్డాం. తమ్ముడు టీ తేవడానికి వెళ్లాడు. రిజిస్టరులో ‘ప్రదర్శించారు’ అని రాయడం నా కళ్లతో చూశానని ఆమెకు చెప్పాను. ఆమె తల ఊపింది. ఇంకేదో అంటుందని ఎదురుచూశాను. బస్సు వచ్చింది. ఒక కాలు మెట్టు మీద పెట్టి వెనక్కి తిరిగింది.

“కాలు కదిలింది సార్ మీది. సివర్ల. శవం కదలొద్దు.”

“చుక్క పడిందమ్మా” అన్నాను.

“పడుతది. అయినా కదలొద్దు” అని బస్సెక్కింది.